నాన్న మిర్చి డబ్బుకి 77 శాతం పన్ను: విశాఖ ట్రిబ్యునల్‌కి వెళ్లిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

మేడికొండూరు రైతుబిడ్డ

అందరికీ నమస్కారం. మాది గుంటూరు పక్కన పల్లె, మిర్చి రైతులం. 2016లో నోట్లు రద్దు చేసినప్పుడు నాన్న తన సేవింగ్స్ ఖాతాలో 14 లక్షలు పాత నోట్లు జమ చేశారు. అందులో ఎక్కువ భాగం కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సరుకు దసరా ముందు అమ్మితే వచ్చిన డబ్బు. 2019 డిసెంబరులో 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 144 కింద, మా మాట వినకుండానే అసెస్‌మెంట్ అయిపోయింది. 14 లక్షలకి 14 లక్షలూ లెక్క చూపని డబ్బని 69ఏ కింద రాశారు. పన్ను 60 శాతం, దాని మీద సర్‌ఛార్జి 25 శాతం, ఆపైన సెస్సు, అన్నీ కలిపి 77.25 శాతం. పన్నే 10,81,500 అయింది, వడ్డీ వేరే.

దాని మీద మొదటి అప్పీలు వేశాం. మా రిటర్నులు చూసే ప్రాక్టీషనరు తన మెయిల్, తన ఫోన్ నంబరే అందులో ఇచ్చాడు. తర్వాత ఆయన ఆఫీసు తీసేసి వెళ్లిపోయాడు. హియరింగ్ నోటీసులన్నీ ఆ మెయిల్‌కే పోయాయి, ఎవరూ జవాబివ్వలేదని అప్పీలు కొట్టేశారు. ఖాతా అటాచ్ అయిందని బ్యాంకు నుంచి ఫోన్ వస్తే గానీ మాకు ఈ సంగతి తెలియలేదు. నాన్నకి 81 ఏళ్లు. రోజూ ఆ పాస్‌బుక్ ముందేసుకుని కూర్చుంటున్నారు. పైన ట్రిబ్యునల్ ఉందంటున్నారు. అది కూడా ఈ డిపార్ట్‌మెంటు వాళ్లదేనా? వెళ్తే వింటారా? ఎంత ఖర్చవుద్ది?

పట్నంబజారు

తమ్ముడూ, ముందు నాన్నగారికి ధైర్యం చెప్పు. తక్‌పట్టీలు, అంటే సరుకు అమ్మినప్పుడు యార్డులో వ్యాపారి ఇచ్చే లెక్క చీటీలు, ఉన్నాయా? కోల్డ్ స్టోరేజీ రసీదులు ఉన్నాయా? అవి ఉంటే చాలావరకు గట్టెక్కినట్టే. లేకపోతే ఈరోజే వెతకడం మొదలుపెట్టు.

బ్రాడీపేట 4వ లైను

ఆడిటర్‌గా నేను గట్టిగా చెప్పే మొదటి మాట: ట్రిబ్యునల్ డిపార్ట్‌మెంటుది కాదు. ఇన్‌కమ్ ట్యాక్స్ అప్పిలేట్ ట్రిబ్యునల్ 1941 జనవరి 25న ఏర్పడింది. ఆదాయపు పన్ను శాఖ ఆర్థిక మంత్రిత్వ శాఖ కింద ఉంటే, ట్రిబ్యునల్ న్యాయ మంత్రిత్వ శాఖ కింద ఉంటుంది. పన్ను వేసినవాళ్లు ఒక పక్షం, కట్టాల్సిన మీరు ఇంకో పక్షం, వినేవాళ్లు వేరే. మీ మొదటి అప్పీలు విన్న కమిషనర్ అప్పీల్స్ మాత్రం శాఖలోని అధికారే. అందుకే ఆ మెట్టుకీ ఈ మెట్టుకీ తేడా ఉంది.

బెంచిలో మామూలుగా ఇద్దరు కూర్చుంటారు. ఒకరు న్యాయం తెలిసినవారు, ఇంకొకరు లెక్కలు తెలిసినవారు. అసెస్ చేసిన ఆదాయం 50 లక్షల లోపైతే ఒక్కరే విని తీర్పు ఇవ్వొచ్చు, మీది అందులోకే వస్తుంది. గుంటూరు, కృష్ణా జిల్లాల వాళ్లకి విశాఖపట్నం బెంచి.

ఫీజు విషయం: అసెస్ చేసిన ఆదాయం రెండు లక్షలు దాటితే అందులో ఒక శాతం, ఎంత పెద్ద కేసైనా 10,000 మించదు. మీకు 10,000 పడుతుంది. జీఎస్టీలోలాగా అప్పీలు వేయడానికే ముందు పది శాతం కట్టాలన్న షరతు ఇక్కడ లేదు. వసూలు ఆపించాలంటే మాత్రం స్టే పిటిషను వేరే వేయాలి, దానికి 500. మామూలుగా 20 శాతం కట్టమంటారు, లేదా అంత విలువకి హామీ అడుగుతారు. స్టే మొదట 180 రోజుల వరకు ఇస్తారు, పొడిగించినా మొత్తం 365 రోజులు.

మేడికొండూరు రైతుబిడ్డ

థాంక్స్ సార్. గడువు దాటిపోయిందేమోనని భయంగా ఉంది. కమిషనర్ ఆర్డరు తేదీ చూస్తే చాలా నెలలు అయిపోయాయి.

గవర్నర్‌పేట వకీలు

గడువు లెక్క ఇదీ. ఆర్డరు మీకు అందిన నెల ముగిశాక రెండు నెలలు. 2024 అక్టోబరు 1కి ముందైతే అందిన రోజు నుంచి 60 రోజులు ఉండేది. దాటినా తలుపు మూసుకుపోదు, తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కి సెక్షన్ 253(5) ఇచ్చింది. ఆలస్యాన్ని చూసేటప్పుడు ఉదారంగా ఉండాలని సుప్రీంకోర్టు 1987లో కాటీజీ కేసులో చెప్పింది, ఇప్పటికీ అందరూ దాన్నే చూపిస్తారు. అయితే ఉదారత కాగితాన్ని బట్టి వస్తుంది. "మాకు తెలియదు" అని ఒక్క వాక్యం రాస్తే చాలదు. నాన్నగారి పేరు మీద అఫిడవిట్ రాయించండి. మెయిల్ ఎవరిది, ఆ ఆఫీసు ఎప్పుడు మూతపడింది, బ్యాంకు అటాచ్‌మెంట్ సంగతి ఏ తేదీన తెలిసింది, అది తెలిసిన రోజు నుంచి అప్పీలు వేసేదాకా ఏమేం చేశారు, అన్నీ తేదీలతో ఉండాలి. బ్యాంకు ఇచ్చిన లెటరు దానికి జత చేయండి.

ఇంకొక ముఖ్యమైన సంగతి. మొదటి అప్పీలు ఫారం 35లో నోటీసులు ఈమెయిల్‌కి పంపొచ్చా అని ఒక గడి ఉంటుంది. అందులో ఏమని నింపారో వెంటనే చూడండి.

మేడికొండూరు రైతుబిడ్డ

పోర్టల్‌లో పాస్‌వర్డ్ మార్చుకుని లోపలికి వెళ్లి చూశాను సార్. ఆ గడిలో "వద్దు" అని ఉంది! అడ్రసు మా ఊరి ఇంటిదే. కానీ ఇంటికి ఒక్క నోటీసు కూడా రాలేదు.

గవర్నర్‌పేట వకీలు

అయితే మీ చేతిలో బలమైన అంశం ఉంది. మెయిల్ వద్దన్నవారికి మెయిల్‌కే నోటీసు పంపి, జవాబు లేదని కొట్టేస్తే ఆ విచారణ చెల్లదని వాదించండి. ఆ పేజీ ప్రింటు తీసి అఫిడవిట్ వెనకే పెట్టండి. కొట్టేసిన ఆర్డరు కూడా ఒకసారి చదవండి. ఎవరూ రాకపోయినా సరే, వివాదాంశాలు ఏమిటి, వాటి మీద నిర్ణయం ఏమిటి, కారణం ఏమిటి అని కమిషనర్ రాయాల్సిందే. సెక్షన్ 250(6) అదే చెప్తుంది. "హాజరు కాలేదు కాబట్టి డిస్మిస్" అని ముగించేసి ఉంటే దాన్ని విడిగా ఒక గ్రౌండుగా, అంటే అప్పీలుకి ఒక కారణంగా పెట్టండి.

వన్‌టౌన్ హార్డ్‌వేర్

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాకు జీఎస్టీ ఆర్డరు వచ్చింది, అదీ విశాఖ ట్రిబ్యునల్‌కేనా?

బ్రాడీపేట 4వ లైను

కాదండీ, అది వేరే చట్టం, వేరే ట్రిబ్యునల్. జీఎస్టీ అప్పిలేట్ ట్రిబ్యునల్‌ని 2025 సెప్టెంబరు 24న ప్రారంభించారు. ఆంధ్రప్రదేశ్‌కి విజయవాడ, విశాఖ రెండు చోట్లా బెంచి నోటిఫై అయింది. ముందు మొదటి అప్పీలు మూడు నెలల్లో వేసుకోండి, వివాదంలో ఉన్న పన్నులో పది శాతం కట్టి. మిగతాది వేరే థ్రెడ్‌లో మాట్లాడుకుందాం.

కృష్ణలంక

అన్నా, నా సలహా వేరే. ట్రిబ్యునల్‌కి కాకుండా నేరుగా హైకోర్టుకి వెళ్లు. నోటీసే అందలేదు కదా, రిట్ వేస్తే ఒక్క దెబ్బతో తేలిపోద్ది. హైకోర్టు ఉన్న నేలపాడు మీకు దగ్గర కూడా, విశాఖ దాకా ఎవరు తిరుగుతారు?

గవర్నర్‌పేట వకీలు

దగ్గర అన్న మాట నిజమే గానీ, చట్టంలో అప్పీలు దారి ఉండగా రిట్ వేస్తే ముందు దాని సంగతి చూసుకు రమ్మనే అవకాశం ఎక్కువ. పైగా హైకోర్టు తక్‌పట్టీలు చూసి లెక్క తేల్చదు. ఈయనకి కావలసింది లెక్క తేల్చేవాళ్లు.

పాత ఫైళ్లు

నేను ఈ శాఖలోనే గుమాస్తాగా చేరి రిటైరైనవాణ్ణి. వకీలు గారు అన్న చివరి మాట దగ్గర అందరూ ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే ఈ వ్యవహారం మొత్తంలో అసలు సంగతి అదే.

వాస్తవాలు తేల్చే చివరి చోటు ట్రిబ్యునల్. డబ్బు ఎక్కడిది, సరుకు ఎవరిది, భూమి సొంతమా కౌలా, ఏ రోజు అమ్మారు, ఏ రోజు జమ చేశారు, ఇలాంటివన్నీ అక్కడ ఒకసారి తేలితే తేలినట్టే. ఆ పైన హైకోర్టుకి వెళ్లాలంటే సెక్షన్ 260ఏ కింద గట్టి న్యాయ ప్రశ్న ఉండాలి. "మా రసీదు చూడలేదండీ" అని అక్కడికి వెళ్లి మొరపెట్టుకుంటే, ఆ రసీదు ట్రిబ్యునల్ ముందు పెట్టారా అని అడుగుతారు. కాబట్టి ఇంట్లో ఉన్న కాగితం ఏదీ తర్వాత చూద్దాంలే అని మిగల్చొద్దు.

కొత్త కాగితాలు ట్రిబ్యునల్‌లో ఇవ్వడం హక్కు కాదు, ఇదీ తెలుసుకోండి. ట్రిబ్యునల్ నిబంధనల్లో రూల్ 29 ప్రకారం పిటిషను పెట్టి అనుమతి అడగాలి. కింద తగినంత అవకాశం ఇవ్వకుండా తేల్చేసినప్పుడు అనుమతించొచ్చని ఆ రూల్‌లోనే ఉంది. మీ కేసు సరిగ్గా అదే. కాగితాలన్నిటికీ పేజీ నంబర్లు వేసి, ముందు సూచిక పెట్టి, ఏది కింద చూపించారో ఏది కొత్తదో విడదీసి రాయండి. దాన్నే పేపర్ బుక్ అంటారు. తెలుగు కాగితాలకి ఇంగ్లీషు అనువాదం జత చేయాలి.

నాన్నగారి వయసు 81 అన్నారు. అంటే 2016లో 70 దాటాయి. నోట్ల రద్దు జమలు ఎలా చూడాలో శాఖ పైన ఉండే ప్రత్యక్ష పన్నుల బోర్డు 2017 ఫిబ్రవరిలో ఇన్‌స్ట్రక్షన్ 3 ఇచ్చింది. వ్యాపారం లేని వ్యక్తులకి రెండున్నర లక్షల వరకు, 70 ఏళ్లు దాటినవారికి 5 లక్షల వరకు ఇంట్లో దాచుకున్న డబ్బుగా తీసుకుని ఇంకా ఆరా తీయక్కర్లేదని అందులో ఉంది. జమ 5 లక్షలు దాటింది కాబట్టి ఆరా తీయొచ్చు, కాదనలేం. కానీ చిల్లర తేడా ఎంతో మిగిలితే దానికి ఈ ఇన్‌స్ట్రక్షన్ చూపించి అడగొచ్చు. పుట్టిన తేదీ కాగితం కూడా పేపర్ బుక్‌లో పెట్టండి.

పట్నంబజారు

నేను ట్రిబ్యునల్ మెట్లెక్కి వచ్చినవాణ్ణి కాబట్టి అక్కడ ఏం జరిగిద్దో చెప్తాను. మాది యార్డులో కమీషన్ వ్యాపారం. రైతులకి రొక్కంగా ఇచ్చామని, పరిమితి దాటిందని, 40ఏ(3) కింద ఆ మొత్తాలన్నీ ఖర్చుల్లోంచి కొట్టేశారు. పండించిన రైతుకే పంట డబ్బు రొక్కంగా ఇస్తే రూల్ 6డీడీ ప్రకారం మినహాయింపు ఉంది. తీసుకున్నవాళ్లు రైతులని మా మాట, కాదు మధ్యవాళ్లని వాళ్ల మాట.

హియరింగ్ రోజు ఒక వైపు డిపార్ట్‌మెంటు తరఫు ప్రతినిధి, ఇంకో వైపు మా ఆడిటర్. మెంబరు గారు మా వాదనంతా వినలేదు. పేపర్ బుక్ తిప్పుతూ ఒక తక్‌పట్టీ దగ్గర ఆగారు. పైన రైతు పేరు, ఊరు. కింద టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని, తూకమెంత, క్వింటా ధరెంత, కమీషను, హమాలీ తీసేస్తే చేతికెంత. "ఈ ఊరాయన అడంగల్ ఉందా?" అన్నారు. తర్వాతి పేజీలోనే ఉంది, సర్వే నంబరు, పంట మిర్చి అని రాసి. ఇంకో పట్టీ తీశారు, దానికీ ఉంది. అలా నాలుగైదు చూసి డిపార్ట్‌మెంటాయన వైపు చూశారు. ఆయన మాత్రం ఏమంటాడు, కాగితం ఎదురుగా ఉంటే! అడంగల్ చూపించగలిగిన రైతులందరి మొత్తాల మీద వేసిన పన్నూ మాకు తీసేశారు. ఇద్దరు ముగ్గురు పేర్లు నిజంగా వేరే వ్యాపారులవి, వాటి మీద పన్ను నిలబడింది. నాకు ఆ తీర్పు మీద ఏ ఫిర్యాదూ లేదు.

నువ్వు కూడా కోల్డ్ స్టోరేజీకి వెళ్లి 2016 లాట్ రిజిస్టరు నకలు అడుగు. సరుకు పెట్టిన తేదీ, తీసిన తేదీ, టిక్కీల లెక్క ఉంటది. ఆ టిక్కీల సంఖ్య తక్‌పట్టీలో సంఖ్యతో కలవాలి. అది కలిసిందంటే ఇంక అడిగేదేముంటది?

తుళ్లూరు పూలింగ్

మాది కూడా ఇలాంటి బాధే. రాజధానికి పూలింగ్‌లో భూమి ఇచ్చాం, ప్లాటు వచ్చింది. దాని మీద క్యాపిటల్ గెయిన్స్ అడుగుతారంటున్నారు.

బ్రాడీపేట 4వ లైను

2014 జూన్ 2 నాటికి భూమి మీ పేరునే ఉండి, వ్యక్తిగానో ఉమ్మడి కుటుంబంగానో పూలింగ్‌లో ఇచ్చి ఉంటే, ఆ బదిలీ మీద వచ్చే లాభానికి 10(37ఏ) కింద మినహాయింపు ఉంది. 2017 బడ్జెట్‌లో అమరావతి రైతుల కోసమే ప్రత్యేకంగా పెట్టారు. ఆ తేదీ తర్వాత కొన్నవాళ్లకి ఇది వర్తించదు. మీ దస్తావేజు తేదీ చూసుకోండి.

మేడికొండూరు రైతుబిడ్డ

కోల్డ్ స్టోరేజీ మేనేజరు పాత రిజిస్టరు తీసి చూపించారు, నకలు మీద సంతకం పెట్టి ఇచ్చారు. తక్‌పట్టీలు అమ్మ ట్రంకు పెట్టెలో దొరికాయి, కొన్నిటి మీద ఇంకు పోయింది గానీ చదవడానికి వస్తోంది. అవి మొత్తం 9 లక్షల 80 వేలు. జూన్‌లో చెల్లి పెళ్లికని బ్యాంకులోంచి 3 లక్షలు తీశాం, పెళ్లి వాయిదా పడి ఆ డబ్బు ఇంట్లోనే ఉండిపోయింది. అది బ్యాంకు స్టేట్‌మెంటులో కనపడుతోంది. మిగిలిన లక్షా ఇరవై వేలు ఇంట్లో దాచుకున్నవి, వాటికి కాగితం లేదు.

ఒక చిక్కు ఉంది. ఆ పంటలో సగం సొంత పొలంలోది, సగం కౌలు పొలంలోది. కౌలుకి రాత కోతలు లేవు.

పాత ఫైళ్లు

ఇప్పుడు మీ కేసుకి ఒక రూపం వచ్చింది. 1,20,000కి ఆ ఇన్‌స్ట్రక్షన్, 3 లక్షలకి బ్యాంకు స్టేట్‌మెంటు, 9,80,000కి పట్టీలు, రిజిస్టరు. తేదీల వారీగా ఒకే పేజీలో పట్టిక వేయండి, ఎదురుగా ఏ కాగితం ఎన్నో పేజీలో ఉందో రాయండి.

కౌలు విషయం తేలిగ్గా తీసుకోవద్దు. మన జిల్లాలో ఎంతోమంది రైతులు ఇక్కడే దెబ్బ తింటున్నారు. పండించింది కౌలుదారు, కాగితం మీద పేరు మాత్రం భూమి యజమానిది. 2011 చట్టం కింద నాన్నగారికి రుణ అర్హత కార్డు ఇచ్చారేమో వెతకండి. లేకపోతే భూమి యజమాని చేత అఫిడవిట్ రాయించండి, ఫలానా సర్వే నంబరు ఫలానా ఏడాది ఈయనకే కౌలుకి ఇచ్చానని, కౌలు ఇంత తీసుకున్నానని. విత్తనాలు, పురుగు మందుల బిల్లులు నాన్నగారి పేరున ఉంటే అవీ పెట్టండి. కౌలు పొలమైనా పండించిన పంట ఆదాయం వ్యవసాయ ఆదాయమే.

కృష్ణలంక

ఇంత చేసినా చివరికి మళ్లీ కింద ఆఫీసరుకే పంపిస్తారు చూడండి. మా బంధువుల కేసు అలాగే వెనక్కి పోయింది. ఎన్నేళ్లు తిరగాలి?

మొగల్రాజపురం టీచరమ్మ

కృష్ణలంక గారూ, మీ విసుగు అర్థమైంది. కానీ ఒక్కసారి కూడా తన మాట చెప్పుకోలేకపోయిన పెద్దాయనకి ఫైలు వెనక్కి రావడం కూడా గెలుపే. ఆ 10 లక్షల డిమాండు రద్దయి, ఖాతా విడుదలవుతుంది. మా మామగారి విషయంలో అలాగే జరిగింది. కొత్తగా విన్న అధికారి కాగితాలు ఓపిగ్గా చూశారు.

గవర్నర్‌పేట వకీలు

ఇద్దరూ చెప్పింది నిజమే. అందుకే గ్రౌండ్స్‌లో వరస ముఖ్యం. ముందు "కాగితాలు పూర్తిగా ఉన్నాయి కాబట్టి ట్రిబ్యునలే తేల్చి ఆదాయంలో చేసిన ఈ 14 లక్షల జోడింపు రద్దు చేయాలి" అని అడగండి. అది కుదరని పక్షంలో మాత్రమే వెనక్కి పంపమనండి. పంపినా, ఈ పట్టీలు, రిజిస్టరు పరిశీలించి తేల్చాలన్న ఆదేశం అడగండి. ఆదేశం స్పష్టంగా ఉంటే కింద మళ్లీ మొదటి నుంచి మొదలుకాదు.

భయపడేవాళ్ల కోసం ఇంకొకటి. మొదటి అప్పీల్లో కమిషనర్‌కి పన్ను పెంచే అధికారం కూడా ఉంది. ట్రిబ్యునల్‌లో మీ అప్పీలు మీద మీకు ఉన్నదాని కన్నా ఎక్కువ వేయరు. గెలిస్తే, హైకోర్టుకి వెళ్లడానికి శాఖ పెట్టుకున్న పరిమితి వివాదంలో ఉన్న పన్ను రెండు కోట్లు, కొద్ది రకాల కేసులు తప్ప. మీ మొత్తానికి అక్కడితో కథ ముగిసే అవకాశమే ఎక్కువ.

మేడికొండూరు రైతుబిడ్డ

వకీలుని పెట్టుకునే స్తోమత లేకపోతే నేనే వాదించొచ్చా? నాన్న విశాఖ దాకా రాలేరు.

గవర్నర్‌పేట వకీలు

సెక్షన్ 288 ప్రకారం బంధువు హాజరు కావచ్చు. నాన్నగారు సంతకం చేసిన అధికార పత్రం తీసుకోండి. వీడియో కాన్ఫరెన్సు సౌకర్యం అడిగి చూడండి. మీరు పొలం సంగతి మాకన్నా బాగా చెప్పగలరు. అయితే అఫిడవిట్, గ్రౌండ్స్ మాత్రం తెలిసినవాళ్ల చేత ఒకసారి చదివించండి.

మేడికొండూరు రైతుబిడ్డ

అప్పీలు, ఆలస్యం పిటిషను, స్టే పిటిషను, రూల్ 29 పిటిషను అన్నీ ఆన్‌లైన్‌లో వేసి, కాపీలు విశాఖకి పంపాం. ఇవాళ డిఫెక్ట్ మెమో వచ్చింది. ఫీజు చలానాలో అసెస్‌మెంట్ ఇయర్ తప్పు ఉందని, మొదటి అప్పీలు గ్రౌండ్స్ కాపీ లేదని రాశారు. అప్పీలు తిప్పి పంపేస్తారా?

బ్రాడీపేట 4వ లైను

పంపరు, కంగారు పడకండి. డిఫెక్ట్ మెమో రావడం మామూలే. ఫారం 35లో ఉన్న గ్రౌండ్స్, స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్ పేజీలు పోర్టల్ నుంచి దించుకుని, ఆ కాపీలు నాన్నగారి సంతకంతో పంపండి. చలానా సరిదిద్దడానికి ఒక అభ్యర్థన పెట్టండి, ఆ కాపీ కూడా దీంతో కలపండి. కవరింగ్ లెటరు మీద అప్పీలు నంబరు, మెమో తేదీ తప్పకుండా రాయండి. స్టే పిటిషను త్వరగా వినమని అదే లెటరులో విడిగా ఒక పేరా రాయండి, ఖాతా అటాచ్ అయి ఉందని, వయసు 81 అని. స్పీడ్ పోస్టు రసీదు జాగ్రత్త.

పట్నంబజారు

ఇంకు పోయిన పట్టీల గురించి అన్నావు కదా తమ్ముడూ. ఆ వ్యాపారి కొట్టు ఇంకా ఉంటే, ఆయన దగ్గర ఆ సీజను పట్టీ పుస్తకంలో నకలు ఉంటది. రేపు యార్డుకి రా, నేను తోడు వస్తాను.